ఇల్లు–వాకిలి: చేలో మట్టి, ఉప్పు గోడ, వాన నీరు

ఈ సంచికకు గోదావరి డెల్టా పాఠకుల ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాం. ఇల్లు గురించి అడిగినా, గోడ గురించి అడిగినా చివరికి వ్యవహారం నీళ్ల దగ్గరికే వచ్చి ఆగుతోంది. కాబట్టి జవాబుల్లోనూ సిమెంటు కంటే నీటి సంగతే ఎక్కువ.

ప్రశ్న: చెరువు తవ్వితే వచ్చిన నల్లమట్టి మా చేలో గుట్టగా పడి ఉంది. దాంతో కాల్చని మట్టి దిమ్మెలు ప్రెస్ మీద చేయించి ఇల్లు కట్టుకోవచ్చా? పర్యావరణానికి మంచిదంటున్నారు.
*– ఆలమూరు దగ్గర నుంచి ఒక పాఠకుడు*

ఆ మట్టి ఉన్నదున్నట్టుగా పనికిరాదు. సిమెంటు కలిపి అదిమే దిమ్మెకు కావలసింది ఇసుక ఎక్కువగా ఉన్న మట్టి. ఈ పనికి పేరుపడ్డ ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ చెప్పే మేలైన పాళ్లు ఇవి: గులకరాయి 15 శాతం, ఇసుక 50, మెత్తటి ఒండ్రు 15, బంక 20. దానికి సిమెంటు 5 శాతం. మన నల్లమట్టిలో బంక దీనికి రెండింతలు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బీటలిస్తుంది. ఏప్రిల్‌లో చేలో నెర్రెలు చూస్తారు కదా, ఆ గుణమే దిమ్మెలోనూ ఉంటుంది. 5 శాతం సిమెంటు దాన్ని కట్టిపడేయలేదు.

ముందు సీసా పరీక్ష చేయండి. నిలువు గోడలున్న గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, చిటికెడు ఉప్పు కలిపి, నీళ్లు నింపి బాగా కుదపండి. ఇసుక నిమిషంలోపే అడుగుకు చేరుతుంది. దాని మీద ఒండ్రు గంటా రెండు గంటల్లో, బంక మర్నాటికి పేరుకుంటాయి. స్కేలు పెట్టి పొరలు కొలవండి. లెక్క ఉజ్జాయింపే అయినా నిర్ణయానికి చాలు.

రెండోది కుదింపు పరీక్ష. 24 అంగుళాల పొడవు, ఒకటిన్నర అంగుళం వెడల్పు, అంతే లోతు ఉన్న చెక్క పెట్టె లోపల నూనె రాసి, ముద్దగా తడిపిన మట్టిని కూరి, నీడలో ఆరనివ్వండి. ఆరాక మట్టిని ఒక కొసకు నెట్టి ఖాళీ కొలవండి. అర అంగుళం లోపైతే 18 పాళ్ల మట్టికి 1 పాలు సిమెంటు. అంగుళం నుంచి అంగుళంన్నర అయితే 14కు 1. రెండంగుళాలు దాటితే ఇసుక కలపకుండా ఆ మట్టిని ముట్టుకోవద్దు. మీ గుట్టలో మట్టి ఈ చివరి రకమే అయ్యుండొచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. బంక 50 శాతం ఉన్న మట్టిని 20 శాతానికి దించాలంటే ఒక పాలు మట్టికి ఒకటిన్నర పాళ్లు ఇసుకో, క్వారీ డస్టో పడాలి. అంటే దిమ్మెలో మీ మట్టి 40 శాతమే, మిగతాది లారీలో వచ్చేది. పైగా తడి నల్లమట్టి ఇసుకతో సులభంగా కలవదు. ఎండబెట్టి, నలగ్గొట్టి, జల్లెడ పట్టాలి. ఆ కూలీ లెక్కలో వేసుకోకుండానే ‘మట్టి ఇల్లు చవక’ అనేస్తారు. సిమెంటు బదులు 6–8 శాతం సున్నం కలిపితే బంక మట్టితో బాగా పొసుగుతుంది. కానీ అది గట్టిపడటానికి వారాలు కాదు, నెలలు పడుతుంది.

అయినా చేద్దామనుకుంటే మట్టి తడి సరిచూసుకోండి. పిడికిట ఉండ చేసి నడుము ఎత్తు నుంచి జారవిడవండి. నాలుగైదు ముక్కలైతే తడి సరిపోయింది. పొడైపోతే నీళ్లు చాలలేదు, ముద్దగా చతికిలబడితే ఎక్కువైంది. దిమ్మెలను తడి వరిగడ్డి, ప్లాస్టిక్ పట్టా కింద 28 రోజులు ఉంచాలి. తర్వాత పది దిమ్మెలు 24 గంటలు నీళ్లలో నానేసి, అంచులు వేలితో గీకితే రాలుతున్నాయేమో చూడండి. రాలితే ఆ పాళ్లు మార్చాల్సిందే.

మా మాట అడిగితే, ఎర్రమట్టి దొరికే రాజానగరం మెట్ట వైపు ఇది చక్కటి పద్ధతి. లంక గ్రామాల్లో, వరద నీళ్లు గోడకు తగిలే చోట వద్దు. మీకు ఊక బట్టీ ఇటుకను పొదుపుగా వాడటమే మేలు. ఆ దారి రావులపాలెం వారి ప్రశ్నకు జవాబులో ఉంది.

ప్రశ్న: మాది నాన్నగారి తాతల నాటి మండువా లోగిలి. గోడలు ఇటుక, డంగు సున్నం. కింద నాలుగడుగుల దాకా ఉప్పురుస్తుంటే రెండేళ్ల కిందట సిమెంటు ప్లాస్టరింగు చేయించి పుట్టీ పెట్టించాం. ఇప్పుడు అది పెచ్చులూడుతోంది, చెమ్మ ఆరడుగులకు ఎక్కింది. టైల్సు అంటించమంటున్నారు.
*– పాలకొల్లు నుంచి ఒక పాఠకురాలు*

టైల్సు వద్దండి. అంటిస్తే చెమ్మ ఎనిమిదడుగులకు ఎక్కుతుంది.

జరుగుతున్నది ఇదీ. పునాదిలో చెమ్మను ఆపే డీపీసీ పొర ఆనాటి ఇళ్లకు లేదు. నేలలో నీరు ఇటుక సందుల గుండా దీపం వత్తిలో నూనెలా పైకి పాకుతుంది, తనతో పాటు ఉప్పును మోసుకొస్తుంది. సున్నపు గోడ గాలి పీల్చేది కాబట్టి ఆ నీరు మూడు నాలుగడుగుల ఎత్తులోనే ఆవిరైపోయేది, ఉప్పు బయట తెల్లగా పూసేది. ఏటా సున్నం వేసేటప్పుడు దులిపేసేవారు. మీరు సిమెంటు వేయడంతో ఆ దారి మూసుకుపోయింది. నీరు ఆవిరయ్యే చోటు వెతుక్కుంటూ పైకి వెళ్లింది. ఉప్పు ప్లాస్టరింగు వెనకే స్ఫటికాలు కట్టి దాన్ని తోసేస్తోంది. తప్పు మేస్త్రిది కాదు, ఆ గోడకు సిమెంటు నప్పలేదు.

పని ఫిబ్రవరిలో మొదలుపెట్టండి, వేసవంతా గోడకు ఆరే అవకాశం ఉండాలి. ముందు గోడ బయట చూడండి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో పాత లోగిళ్లు చాలావరకు వీధి కంటే పల్లంలో పడ్డాయి. గోడకు ఆనించి కాంక్రీటు గట్టు పోసి ఉంటే కొట్టించి, గోడ వెంబడి మట్టిని లోపలి నేల కంటే కనీసం అరడుగు కిందికి దించండి. అక్కడ గులకరాయి నింపి, కాలువ వాలు పెట్టి నీళ్లు బయటికి పంపండి. చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా తూము పెట్టించండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. జనం చివరికి వదిలేసేదీ ఇదే.

తర్వాత సిమెంటును చెమ్మ గీతకు మరో రెండడుగులు పైదాకా తీసేయండి. ఇటుకల సందులు ముప్పావు అంగుళం లోతున గీకి, ఉప్పును పొడి కుంచెతో దులిపి, ఎత్తి బయట పారబోయండి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. రెండు మూడు నెలలు అలాగే వదిలేయండి. చూడటానికి బాగుండదు, ఓర్చుకోవాలి.

గీకిన సందులను కూడా సున్నపు మాలుతోనే పూడ్చి, ఆపైన గోడకు సున్నపు పూత వేయించండి. ఒక పాలు నానిన సున్నం, ఒక పాలు మెత్తటి ఇటుక పొడి, రెండు పాళ్లు ఉప్పు లేని ఇసుక. అర అంగుళం లోపు మందంలో రెండు పూతలు, మధ్యన వారం పైన ఎడం. రాతి సున్నమైనా, గుల్ల సున్నమైనా రెండు వారాలు తక్కువ కాకుండా నీళ్లలో ఊరాలి. ఎంత ఊరితే అంత జిగురు. సున్నాన్ని నీళ్లలో వేయాలి గానీ సున్నం మీద నీళ్లు గుమ్మరించకూడదు, చిమ్మి కళ్లు పోతాయి. కళ్లద్దాలు తప్పనిసరి. సంచుల్లో అమ్మే పొడి సున్నమైతే నిమ్మకాయ పిండి చూడండి. బుసబుసా పొంగితే అది గాలి పట్టి చచ్చిన సున్నం. పూత మీద తడి గోనె కప్పి వారం పదిరోజులు ఎండ తగలనీయకండి. పైన రంగు వెల్ల మాత్రమే, ఎమల్షన్ వద్దు.

ఈ పూత శాశ్వతం కాదు, ఉప్పును తనలోకి లాక్కుని గోడను కాపాడే పొర. కొన్నేళ్లకు మళ్లీ తీసి వేయాల్సిందే. గోడకు రంధ్రాలు కొట్టి చెమ్మను ఆపే మందు ఎక్కించే పద్ధతి గురించీ చెబుతారు. సిమెంటుతో కట్టిన తొమ్మిదంగుళాల గోడకు కొంత నయమే. రెండడుగుల సున్నపు గోడలో, లోపల ఖాళీలుంటే, మందు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: వరిచేను లేఅవుట్‌లో 200 గజాలు కొన్నాం. నాలుగడుగుల మెరక వేసి రెండేళ్లయింది, మట్టి కూర్చుందంటున్నారు. పిల్లర్లకు మామూలు పునాది చాలా?
*– భీమవరం*

మెరక కూర్చుని ఉండొచ్చు. దాని కిందున్న బంకమట్టి కూర్చుందా అన్నదే ప్రశ్న. నాలుగడుగుల మెరక చదరపు మీటరుకు రెండు టన్నులకు పైనే బరువు, ఒక అంతస్తు ఇంటి బరువుకు తీసిపోదు. తడి బంకమట్టి ఆ బరువుకు నీళ్లు వదులుతూ ఏళ్ల తరబడి కుంగుతుంది. అందుకే మెరక వేసిన ప్లాట్లలో ఇల్లు నిలబడి, మెట్లూ ప్రహరీ విడిపోవడం చూస్తుంటాం.

సాయిల్ టెస్టు చేయించకుండా పునాది గీయించొద్దు. రెండు బోర్లు, పది మీటర్ల లోతు. ఇంటి ఖర్చులో ఇది చాలా చిన్న వాటా. ఉబ్బే నల్లమట్టి అని తేలితే అడుగున గుండు ఉండే పైలు, అంటే అండర్ రీమ్డ్ పైలు వేస్తారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) మన దేశపు నల్లమట్టి కోసమే రూపొందించిన పద్ధతి ఇది. కాడకు రెండున్నర రెట్లు గుండు, లోతు కనీసం మూడున్నర మీటర్లు. నీళ్లు పైనే ఉన్నచోట గుంత కూలిపోతుంది. గుంత గోడలు కూలకుండా బెంటోనైట్ అనే బంక కలిపిన నీళ్లు పోస్తూ తవ్వే పనివాళ్లే కావాలి. ప్లింతు బీముకూ (గోడల కింద పైళ్లను కలిపే దూలం) నేలకూ మధ్య మూడంగుళాల ఖాళీ వదలండి. ఖాళీ లేకపోతే వానాకాలంలో మట్టి ఉబ్బి బీమును ఎత్తేస్తుంది, గోడ పగులుతుంది. ఆ ఖాళీని ఇసుకతో నింపే మేస్త్రీలున్నారు, దగ్గరుండి చూసుకోండి.

ఇంకా స్థలం కొనబోయేవారికి ఒక మాట. స్థలమంతా మెరక వేయడం కంటే ఇంటినే స్తంభాల మీద ఎత్తడం నయం. మట్టి లారీల ఖర్చు తప్పుతుంది, పక్కవాళ్ల చేల నీటిదారి మూసుకుపోదు.

ప్రశ్న: బోరు నీళ్లు ఉప్పు. చుట్టూ రొయ్యల చెరువులే. వాననీటి ఇంకుడు గుంత తవ్వితే బోరు తియ్యబడుతుందా? ఇంటి పనికి ఆ నీళ్లే వాడొచ్చా?
*– మొగల్తూరు*

ఇంకుడు గుంత మీకు ఉపయోగపడదు. వానాకాలంలో రెండు మూడడుగులకే నీళ్లు తగిలే నేలలో అది నిండుగానే ఉంటుంది. మీరు చేయాల్సింది ఇంకించడం కాదు, నిలవ చేయడం.

తాగడానికీ వంటకూ ఐదుగురికి రోజుకు 30 లీటర్లు అనుకోండి. నవంబరు తుపాను వానలు ఆగాక మళ్లీ వానలొచ్చే దాకా గట్టిగా ఎండకాసే 150 రోజులకు 4,500 లీటర్లు. 5,000 లీటర్ల తొట్టి సరిపోతుంది, జనం భయపడేంత పెద్దది అక్కర్లేదు. ఒక చదరపు మీటరు డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఆవిరీ కారడమూ పోను 80 శాతం చేతికొస్తుంది. 60 చదరపు మీటర్ల డాబా మీద 10 మి.మీ. వానకు 480 లీటర్లు. అలాంటివి పదకొండు పడితే తొట్టి నిండుతుంది.

తొలి వాన దుమ్ము, కాకిరెట్టలతో వస్తుంది, దాన్ని వదిలేయాలి. మీ డాబాకు మొదటి 60 లీటర్లు. ఆరంగుళాల పైపు మీటరుకు దాదాపు 18 లీటర్లు పడుతుంది. అలాంటి పైపు పదకొండున్నర అడుగులు నిలువుగా, కింద మూత పెట్టి అమర్చితే ముందు అది నిండుతుంది, తర్వాతి నీళ్లే తొట్టికి పోతాయి. కింద మూతకు చిన్న కుళాయి ఉంచి ప్రతి వాన తర్వాత ఖాళీ చేయండి. ఈ కుళాయి మరచిపోయే ఇళ్లలోనే నీళ్లు వాసనొస్తాయి.

తొట్టిని నేల మీదే కట్టండి. భూమిలో దింపితే పగుళ్ల గుండా ఉప్పునీరు చేరుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు కింది నీరు దాన్ని పడవలా తేల్చేస్తుంది కూడా. ఫెర్రోసిమెంటు తొట్టి అయితే రెండు మీటర్ల వ్యాసం, 1.6 మీటర్ల ఎత్తు. వెల్డ్ మెష్‌కు లోపలా బయటా కోడి వల, 1:2 సిమెంటు ఇసుక మాలు, గోడ మందం అంగుళంన్నర, క్యూరింగు రెండు వారాలు. వెలుతురు లోపలికి పోకుండా మూత, వచ్చే పైపుకూ పొంగు పైపుకూ దోమల జాలీ తప్పనిసరి. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల తాజా బ్లీచింగ్ పొడి చాలు. ఆస్బెస్టాస్ రేకుల మీది నీళ్లు తాగడానికి పట్టొద్దు.

ఇక ఇంటి పనికి బోరు నీళ్లు: ల్యాబులో క్లోరైడ్ చూపించండి. ఇనుము ఉన్న కాంక్రీటుకు భారత ప్రమాణం ఐఎస్ 456 పెట్టిన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. దాటితే కలపడానికీ వద్దు, క్యూరింగుకూ వద్దు. కాలువ నీళ్లు పట్టి, బురద కూర్చున్నాక వాడండి. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి స్లాబు ఆ రోజుల్లో పెట్టుకోవద్దు. సముద్రపు గాలి సోకే చోట అదే ఐఎస్ 456 ప్రకారం ఎం30 రకం కాంక్రీటు, ఇనుముకు 45 మి.మీ. కవరు, అంటే ఇనుము మీద అంత మందం కాంక్రీటు ఉండాలి. కవర్ బ్లాకుల బదులు కంకర ముక్కలు పెడుతుంటే పని ఆపించండి. పదేళ్లకు స్లాబు అడుగున ఇనుము కనబడేది అక్కడే.

ప్రశ్న: పెంకుటిల్లే కట్టుకోవాలని మా కోరిక. 1996 తుపానులో ఊళ్లో పైకప్పులు లేచిపోయాయి కాబట్టి ఇంట్లో ఒప్పుకోవడం లేదు.
*– అల్లవరం*

ఇంట్లోవాళ్ల భయం సబబే. మన తీరానికి భారత ప్రమాణం ఐఎస్ 875 లెక్కలోకి తీసుకోమన్న గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. కానీ పెంకులు ఎగరడం వేరు, కప్పు లేచిపోవడం వేరు. కప్పును లేపేది పైగాలి లాగుడు ఒక్కటే కాదు. గాలివాటు తలుపో కిటికీయో ఊడి ఇంట్లోకి దూరిన గాలి కింద నుంచి తోస్తుంది. కాబట్టి మొదటి ఖర్చు గడియల మీద పెట్టండి.

కప్పు నాలుగు వైపులా వాలు ఉండాలి, వాలు 25 నుంచి 30 డిగ్రీలు. రెండు వాలుల కప్పులో త్రికోణపు గోడే ముందు పడుతుంది. గోడల పైన చుట్టూ కాంక్రీటు బ్యాండు పోసి, అందులో అడుగున్నర లోతున 12 మి.మీ. బోల్టులు నాలుగడుగులకు ఒకటి నిలపండి, గోడదూలం వాటికి బిగించండి. వాసాలను దూలానికి మేకులతో సరిపెట్టకుండా ఇనుప పట్టీలతో కట్టాలి. చూరు ఒకటిన్నర అడుగు మించొద్దు. వానకు రెండున్నర అడుగుల చూరు కావాలని అనిపిస్తుంది, అది వరండాకు ఇవ్వండి. వరండా కప్పు అసలు కప్పుతో కలపొద్దు. గాలికి వరండా పోయినా ఇల్లు నిలవాలి.

చదరపు మీటరుకు 15 మంగుళూరు పెంకులు పడతాయి. అన్నీ కట్టక్కర్లేదు. చూరు వెంట మూడు వరసలు, కొప్పు పక్క రెండు వరసలు, మూలల్లో ఉన్నవి, వెనక చెవి రంధ్రం గుండా తీగతో రీపరుకు కట్టండి. సముద్రానికి దగ్గర కాబట్టి రాగి తీగే. జీఐ తీగ ఉప్పు గాలికి తుప్పు పట్టి తెగుతుంది.

కలపకు కొబ్బరి మాను వాడొచ్చు, బాగా ముదిరిన చెట్టు, అందులోనూ బయటి భాగమే. టేకుకు చేవ నడుమ ఉంటుంది, కొబ్బరికీ తాటికీ చుట్టూ ఉంటుంది. నడిమి మెత్తటి బొండు నెలల్లో పుచ్చుతుంది. మూడు పాళ్లు బోరాక్స్, రెండు పాళ్లు బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడితే పురుగు పట్టదు. ఈ మందు వానకు కడుక్కుపోతుంది, తడిసే చోట పనికిరాదు. ఇంట్లో ఒక గది మాత్రం, అది స్నానాల గదైనా సరే, స్లాబుతో వేసుకోండి. తుపాను రాత్రి అందరూ అందులో కూర్చోవచ్చు.

ప్రశ్న: ‘ర్యాట్ ట్రాప్’ కట్టుబడిలో ఇటుక ఆదా అంటున్నారు, నిజమా? గోడ బలమేనా?
*– రావులపాలెం*

నిజమే. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ బాగా వాడుకలోకి తెచ్చిన పద్ధతి. పేరు ఎలుక బోను గానీ ఎలుకలకు చోటుండదు. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెడతారు. లోపలా బయటా మూడేసి అంగుళాలు, మధ్య మూడంగుళాల ఖాళీ, అడుగుకు ఒక అడ్డ ఇటుక. వంద చదరపు అడుగుల తొమ్మిదంగుళాల గోడకు మామూలుగా 1,070 దాకా ఇటుకలు పడితే దీనికి 800. మాలూ తగ్గుతుంది, ఖాళీలోని గాలి పడమటి ఎండను కొంత ఆపుతుంది.

చిక్కల్లా ఇటుక కొలతలో ఉంది. ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటే ఖాళీ వంకరపోతుంది, ఆదా అయిన మాలంతా ప్లాస్టరింగుకు పోతుంది. బట్టీలో 20 ఇటుకలు వరసగా పేర్చి పొడవు కొలిచాకే బేరమాడండి. ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఇటుక కొలత బాగా కుదురుతుంది. ప్లింతు మీద, కిటికీ కింద, లింటెల్ దగ్గర, స్లాబు కింద వరసలు గట్టి కట్టుబడే ఉండాలి. మూలల్లో ఖాళీలోకి నిలువు ఊచ దించి కాంక్రీటు పోయించండి. కరెంటు పైపులు కట్టేటప్పుడే వేసేయాలి, తర్వాత గాడి కొడితే మూడంగుళాల పొర పగులుతుంది. కట్టేటప్పుడు మాలు ఖాళీలో పడకుండా పైన చెక్క పట్టీ పెట్టుకుంటూ పోవాలి. పనికి కొత్త మేస్త్రి అయితే ముందు ప్రహరీ మీద చేయి తిప్పుకోనివ్వండి.

ప్రశ్న: చేపల చెరువు పక్కనే ఇల్లు. సెప్టిక్ ట్యాంకు ఏడాదికోసారి పొంగుతోంది. పోయిన ఆగస్టులో తోడిస్తే ట్యాంకే పైకి లేచింది!
*– ఉండి మండలం*

లేవడంలో వింతేమీ లేదు. ఒక ఘనమీటరు నీటిని తోసేసిన తొట్టి మీద ఒక టన్ను పైకి తోపుడు ఉంటుంది. రెండు మీటర్లకు 1.2 మీటర్ల ట్యాంకు చుట్టూ నీరు మీటరు ఎత్తుంటే 2.4 టన్నులు. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు ఆ తోపుడు ముందు నిలవదు. తోడించడం ఏప్రిల్, మే నెలల్లోనే పెట్టుకోండి. కొత్తది కట్టేటప్పుడు అడుగు స్లాబును నాలుగు వైపులా ఒక్కో అడుగు బయటికి పొడిగిస్తే దాని మీది మట్టి బరువు ట్యాంకును పట్టి ఉంచుతుంది.

పొంగడానికి కారణం ఇంకుడు గొయ్యి. వానాకాలంలో మీ నీరు దిగకపోగా బయటి నీరే ట్యాంకులోకి వస్తోంది. గొయ్యి పూడ్చి, నేల మీద గట్టు కట్టి మొక్కల పడక వేసుకోండి. మనిషికి ఒకటిన్నర చదరపు మీటర్లు, రెండడుగుల లోతు కంకర, అడుగున నీరు దిగని పొర, మీటరుకు ఒక సెంటీమీటరు వాలు. మెట్టతామర, జమ్ము నాటండి. నీటి మట్టం కంకరకు రెండంగుళాల కిందే ఉండేలా బయటి పైపు వంచితే దోమలు పట్టవు. ట్యాంకు నుంచి పడకకు వాలు అందకపోతే చిన్న పంపు పెట్టాలి. పడక నుంచి వచ్చే నీళ్లు కొబ్బరి చెట్లకు పోనివ్వండి, చేపల చెరువులోకి మాత్రం వద్దు. నుయ్యి ఉంటే దానికి 50 అడుగుల దూరం.